గాలికి వదిలేసిన గ్యాస్

ఆ వీధిలో ఆయన్ని అందరూ గ్యాస్ మావయ్య అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ముప్పై ఏళ్ళుగా ఏసీలు బాగుచేసి వాటికి గ్యాస్ కొట్టడం ఆయన వృత్తి. తీరిక దొరికితే మనుషులకు గ్యాస్ కొట్టడం ఆయన అలవాటు. ఒకసారి ఎవరింట్లోనో ఏసీ బాగుచేస్తే గోడల మీద మంచు పేరుకుపోయిందట, ఇంటాయన స్వెటరేసుకుని పరుగెత్తుకొచ్చి బతిమాలితే మళ్ళీ వెళ్ళి తగ్గించాడట. ఆ ఇల్లెక్కడో చెప్పమంటే మాత్రం మావయ్యకు ఎక్కడలేని దగ్గూ వస్తుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, పనిలో మాత్రం చెయ్యి తిరిగినవాడు. మేడమెట్ల కింది గది ఆయన షాపు. పాత ఫ్రిజ్ తలుపొకటి బల్లగా వేసుకుని, దాని మీద స్పానర్లు, రాగి గొట్టాల ముక్కలు పరుచుకుని కూర్చుంటాడు. ఏ ఏసీ వచ్చినా ముందు వాల్వ్ తిప్పి లోపల మిగిలిన పాత గ్యాస్‌ని బయటికి వదిలేస్తాడు. అది "స్స్స్స్"మని పోతుంటే కళ్ళు మూసుకుని, తల ఓ పక్కకు వాల్చి వింటాడు. ఆ చప్పుడుని బట్టి లోపలెంత గ్యాస్ ఉందో, కంప్రెసర్ ఇంకెన్నాళ్ళు బతుకుతుందో చెప్పేస్తాడు. ఇది గ్యాస్ కాదు, నిజంగా నిజం. ఆ చప్పుడంటే ఆయనకు ప్రాణం.

ఏటికేడు ఎండలు ముదురుతుంటే వీధంతా ఉసూరుమనేది. మావయ్యకు మాత్రం చేతినిండా పని. "ఈ ఏడు ఎండలు భేషుగ్గా ఉన్నాయి" అని నోరారా అనగలిగినవాడు ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే.

ఇలా హాయిగా సాగిపోతుంటే కొత్త నిబంధనొకటి వచ్చి నెత్తిన పడింది. ఇకమీదట శిక్షణ పొంది, పరీక్ష పాసై, కార్డు తెచ్చుకున్న మెకానిక్కులకే గ్యాస్ అమ్ముతారట. కార్డు లేకపోతే గ్యాస్ లేదు, గ్యాస్ లేకపోతే షాపు మూసుకోవడమే. పరీక్షకు ఇచ్చేది రెండే అవకాశాలు. ఇది చాలదన్నట్టు, శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పి పరీక్ష పెట్టేది ఎవరో కాదు, సాక్షాత్తూ ఆయన కోడలు.

"నాకు తెలియని గ్యాసేముందమ్మా? ఆ కార్డేదో నీ సంచీలో వేసుకుని తెచ్చెయ్యి" అన్నాడు మావయ్య.

"కుదరదు మామయ్యగారూ. మీరు రావాలి, వినాలి, పాసవ్వాలి. ఇంకోమాట. అక్కడ మిమ్మల్ని మామయ్యగారూ అని పిలవను."

"మరేమంటావు?"

"పదకొండో నంబరు."

పక్కనే నీళ్ళు తాగుతున్న ఆయన భార్యకు నవ్వొచ్చి పొలమారింది.

మొదటిరోజు మావయ్య ఆఖరి బెంచీ చూసుకుని, కునుకు తీద్దామని గోడకు చేరబడ్డాడు. సరిగ్గా అప్పుడే కోడలందుకుంది. "ఒక కిలో పాత గ్యాస్ గాలిలోకి వదిలితే ఇంచుమించు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత లెక్క. అది పైన దుప్పటిలా కప్పేసి భూమ్మీది వేడిని పోనివ్వదు. ఎండలు ముదిరితే జనం ఇంకో ఏసీ కొంటారు. మీరు దానికీ గ్యాస్ మారుస్తారు, పాతది గాలికి వదిలేస్తారు. ఎండలు ఇంకా ముదురుతాయి."

మావయ్య నిద్ర ఎగిరిపోయింది. రోజుకో ఏసీ, ఏసీకి ముప్పావుకిలో, ముప్పై ఏళ్ళు. వేళ్ళ మీద లెక్క మొదలెట్టి, తన వేళ్ళు చాలక పక్కవాడి చెయ్యి కూడా లాక్కున్నాడు. లెక్క తేలేసరికి చొక్కా తడిసి ముద్దయింది.

"మేడమ్" అంటూ లేచి నిలబడ్డాడు. "అంటే... ఈ ఎండలన్నీ నా వల్లేనా?"

తరగతి మొత్తం గొల్లుమంది. మావయ్య మాత్రం నవ్వలేదు.

సాయంత్రం షాపుకి రాగానే పక్కషాపు టైలరు మెడ తుడుచుకుంటూ, "ఏం ఎండలు మావయ్యా, ప్రాణాలు తోడేస్తున్నాయి" అన్నాడు.

"నన్ను క్షమించు తమ్ముడూ. అవి నేను వదిలినవే."

"ఏవి?"

"ఎండలు."

టైలరు కత్తెర పక్కన పెట్టాడు. "మావయ్యా, గోడల మీద మంచు పేరుకుందన్నావు, పోనీలే అని ఊరుకున్నాను. ఇప్పుడు ఎండ కూడా నువ్వేనా? మరీ ఇంత గ్యాసా?"

పాలవాడికి చెప్పుకుంటే వాడు నవ్వి సైకిలెక్కేశాడు. పై అంతస్తు బామ్మ దగ్గర చేతులు కట్టుకుని నిలబడితే, ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని మరీ చూసి, "నీ మొహం! ఎండ తెచ్చే మొహమేనా ఇది?" అని తలుపేసుకుంది. బుద్ధెరిగాక ఒకే ఒక్కసారి కడుపులోంచి నిజం చెబితే నమ్మే నాథుడే లేడు, పాపం.

పరీక్ష రోజు రానే వచ్చింది. చెయ్యాల్సింది ఒకటే పని. ఏసీకి గొట్టం బిగించి, మెషిన్‌తో పాత గ్యాస్‌ని లాగి సిలిండర్లో పట్టాలి. పిసరంత కూడా బయటికి పోకూడదు. మావయ్య మెదడుకి ఇదంతా తెలుసు. ముప్పై ఏళ్ళ చేతికి తెలియదు. గొట్టం బిగించకముందే అది వెళ్ళి వాల్వ్ తిప్పేసింది. "స్స్స్స్!" మావయ్య అలవాటుగా కళ్ళు మూసి, తల వాల్చి, ఆనందంగా విన్నాడు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా కోడలు ఎర్రపెన్నుతో నిలబడి ఉంది.

"పదకొండో నంబరు, ఫెయిల్."

ఆ పూట ఇంట్లో మావయ్య కంచం ముందు కూర్చుని మొహం తిప్పుకున్నాడు. "ఫెయిల్ చేసింది మేడమ్, మామయ్యగారూ. వడ్డిస్తున్నది కోడలు. ఆ కోపం అక్కడికొచ్చి చూపించండి" అంది కోడలు.

"కోపం కాదమ్మా, భయం" అన్నాడు మావయ్య. "షాపు పోతే నేనెందుకూ పనికిరాను. నాకు చేతనైంది అదొక్కటే. ఆ చప్పుడు వినకపోతే పని మొదలెట్టినట్టే ఉండదు, చెయ్యి నా మాట వినట్లేదు. చేసిన పాపం చాలదూ, ఊరందర్నీ ఎండలో మాడ్చాను."

"ఎండలన్నీ మీ వల్ల కాదు. ఫ్యాక్టరీలున్నాయి, బళ్ళున్నాయి, బొగ్గు కాల్చేవాళ్ళున్నారు. అందులో మీ వాటా ఆవగింజంత."

"ఆవగింజంతేనా?" మావయ్య కాస్త చిన్నబుచ్చుకున్నట్టు కనిపించాడు.

"అంతే. కానీ ఆ ఆవగింజ మీ చేతిలోనే ఉంది మామయ్యగారూ."

అంతదాకా వింటున్న ఆయన భార్య, "చప్పుడే కదా కావాల్సింది, దానికింత రాద్ధాంతమా?" అని కొంగు దోపుకుని లేచింది. మర్నాటి నుంచీ షాపులో పాడైపోయిన ఏసీ మీద సాధన మొదలైంది. మావయ్య గొట్టం బిగిస్తాడు, వాల్వ్ తిప్పుతాడు. స్టూలు మీద కూర్చుని ఆవిడ "స్స్స్స్" అంటుంది. మావయ్య కళ్ళు మూసుకుని తల ఆడిస్తాడు. చెయ్యి బుద్ధిగా కూర్చుంటుంది.

"ఇది అరకిలో చప్పుడే. కాస్త నిండుగా వదులు" అన్నాడోసారి.

"ముప్పై అయిదేళ్ళ కాపురంలో నేనన్న మాట ఒక్కటైనా ఇలా కళ్ళు మూసుకుని విన్నారా మీరు?" అని ఆవిడ కళ్ళెర్రజేసి, మళ్ళీ అందుకుంది.

రెండో పరీక్ష నాడు భార్యని లోపలికి రానివ్వలేదు. పైగా తనిఖీకని పై అధికారొకాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మావయ్య గొట్టం బిగించాడు, మెషిన్ ఆన్ చేశాడు, వాల్వ్ తిప్పాడు. గ్యాస్ చడీచప్పుడు లేకుండా సిలిండర్లోకి పోతోంది. చేతి వేళ్ళు జివ్వుమన్నాయి. గొట్టం విప్పితే చాలు, ఆ చప్పుడు వినబడుతుంది. చెయ్యి గొట్టం దాకా వెళ్ళింది కూడా. కోడలు పెన్ను గట్టిగా పట్టుకుంది.

మావయ్య గబుక్కున కళ్ళు మూసుకుని, తనే నోటితో "స్స్స్స్" అన్నాడు.

"లీకు! లీకు!" అంటూ అధికారి కుర్చీలోంచి ఎగిరి దూకాడు. సబ్బునురుగు తెచ్చి గొట్టానికి పూశారు, మెషిన్‌కి పూశారు, ఎక్కడా బుడగ లేదు. చప్పుడు మాత్రం ఆగదు. అధికారి బల్లకు చెవి ఆనించాడు, కిటికీకి ఆనించాడు, వెతుక్కుంటూ వెతుక్కుంటూ వచ్చి మావయ్య మూతి దగ్గర ఆగాడు. మావయ్య ఆపలేదు. ఆపితే చెయ్యి మాట వినదని ఆయన భయం.

"లీకు మెషిన్లో లేదు సార్" అంది కోడలు. "మా మామయ్య... మా పదకొండో నంబరులో ఉంది."

"ఇలా చప్పుడు చెయ్యొచ్చా?"

కోడలు నిబంధనల పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా తిరగేసింది. "గ్యాస్ బయటికి పోకూడదనే ఉంది సార్. చప్పుడు సంగతి ఎక్కడా లేదు."

ఇరవై నిమిషాలు అలాగే గడిచాయి. మావయ్య పెదాలు ఎండి అట్టకట్టుకుపోయాయి. సిలిండర్ తూకం వేస్తే ఒక్క గ్రామైనా తగ్గలేదు. "పదకొండో నంబరు, పాస్" అంది కోడలు. వరండాలోకి వచ్చాక ఎవరూ చూడకుండా, "నీళ్ళు తాగండి మామయ్యగారూ" అని తన సీసా ఇచ్చింది. మావయ్య సగం సీసా గటగటా తాగి, సగం మొహాన చల్లుకున్నాడు. అందుకే కళ్ళు తడిగా ఉన్నాయని తర్వాత అందరికీ చెప్పాడు.

మర్నాడు షాపులో కార్డు మెళ్ళో వేసుకుని, ఓ ఏసీలోంచి సిలిండర్లోకి గ్యాస్ పడుతూ "స్స్స్స్" అంటుంటే టైలరు వచ్చాడు. కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కూడా గ్యాసేనా మావయ్యా?" అన్నాడు.

"కాదు తమ్ముడూ. గ్యాసంతా ఇదిగో, ఇందులో ఉంది" అని మావయ్య సిలిండర్ మీద తట్టాడు.

"అయితే రేపట్నుంచి చల్లబడుతుందన్నమాట!"

పాత మావయ్యయితే శుక్రవారానికి మంచు కురుస్తుందని చెప్పేవాడే. నోటిదాకా వచ్చింది కూడా. టైలరు వీపున చొక్కా చెమటతో అతుక్కుపోయి కనిపించింది.

"చల్లబడదు తమ్ముడూ" అన్నాడు. "నా వల్ల మాత్రం ఇక పెరగదు."

టైలరు ఆయన మాట నమ్మడం అదే మొదలు.