తీసేయని గుర్తు

జనవరి ఒకటో తారీఖు పొద్దున, పొయ్యి మీద పాలు పొంగుకొస్తుండగా ఫోను టింగుమంది. చేతిలో మసిగుడ్డతోనే చూశాను. "ప్రియమైన బీరప్ప గారూ, జన్మదిన శుభాకాంక్షలు" అని సందేశం. పంపింది నేను పనిచేసే బ్యాంకే. కింద వ్యక్తిగత రుణం తీసుకోమని ఆహ్వానం కూడా ఉంది. బీరప్ప తాత చనిపోయి రెండేళ్లు దాటింది. ఖాతా అంతకు చాలా ముందే మూసేశాడు. ఎప్పుడు పుట్టాడో ఆయనకే తెలియదు కాబట్టి ఖాతా తెరిచినప్పుడు ఆ తారీఖు నేనే వేశాను. ఫోను లేదు కాబట్టి నంబరూ నాదే ఇచ్చాను. ఈలోగా పాలు పొంగి పొయ్యంతా పాడైంది. ఆ మాడు వాసనలో నిలబడి సిగ్గుతో చచ్చిపోయాను.

మక్తల్ దగ్గరి మా ఊళ్లో, మా గోడకు ఆనుకున్న ఇల్లు ఆయనది. గొర్రెలు కాసేవాడు. అమ్మా నాయినా కూలికి వలస పోయినప్పుడల్లా నేను ఆయన ఇంట్లోనే తిని, ఆయన వెంటే తిరిగేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. అయినా నా చదువు ఆగకుండా చూసింది ఆయనే. బడి ఎగ్గొడితే మంద వెంట రానిచ్చేవాడు కాదు. అంతకుమించిన శిక్ష నాకు ఉండేది కాదు.

ఆయన గొర్రెలన్నిటికీ వీపు మీద ఎర్రటి జాజుమట్టితో గుండ్రంగా ఒక గుర్తు ఉండేది. మందలు కలిసిపోతే ఎవరివి ఎవరివో తేల్చుకోవడానికి అది. అంగడిలో జీవాన్ని అమ్మినప్పుడు, కొన్నవాడి చేతికి తాడు ఇచ్చే ముందు కత్తెర తీసి, ఆ గుర్తున్నంత మేర బొచ్చు కత్తిరించేసేవాడు. ఒకసారి ఒక పొట్టేలుకు అలా చేయడం మరిచిపోయాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది. పళ్లెం పక్కకు నెట్టి లేచాడు. కొన్నాయన ఊరికి ఎండలో తాత వెంటపడి నడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

"జరంత రంగు కోసం గింత దూరం నడుస్తవా తాతా? ఉంటే ఏమాయె?"

"గది ఇప్పుడు ఆయన జీవం బిడ్డా. దాని మీద నా గుర్తెందుకు? రేపు తప్పిపోతే చూసినోడు నా ఇంటికి తోల్కొస్తడు. ఇడిసినంక ఇడిసినట్టే ఉండాలె."

కొన్నాయన మమ్మల్ని చూసి ఒకటే నవ్వు. తాత నవ్వలేదు. ఓపిగ్గా కత్తిరించి, వాళ్లింట్లో ఇన్ని మంచినీళ్లు తాగి వెనక్కి బయల్దేరాడు. ఎవరి వస్తువైనా నా దగ్గర ఒక పూట ఎక్కువ ఉంటే నాకు నిద్ర పట్టదు. ఆ అలవాటు ఆ ఎండలోనే అంటుకుంది.

తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. నేను తెరిచిన మొదటి ఖాతా తాతదే. ఫోటో దిగడానికి కొత్త తలపాగా చుట్టుకొచ్చాడు. తర్వాత మోకాళ్లు మొరాయించి, మంద అమ్మేసి, కర్ణాటక వైపున్న కూతురింటికి వెళ్లిపోతూ ఖాతా మూసేయడానికి వచ్చాడు. పని అంతా అయ్యాక కూడా కుర్చీలోంచి లేవలేదు.

"ఇగ నా ఏలిముద్ర, ఫోటో తీసెయ్ బిడ్డా."

"గవి ఉంటయి తాతా. ఖాతా బందైనంక గూడ ఐదేండ్లన్న దాచాలె. ఏదన్న మోసం బయటపడితే చూడనీకి. సర్కారు కానూన్."

తలూపాడు. "మంచిదే. ఐదేండ్లయినంక తీస్తరా మరి?"

వెనక జనం విసుక్కుంటున్నారు. "తీస్తం తాతా" అనేశాను. ఐదేళ్లన్నది కనీస గడువు. ఆ తర్వాత మా దగ్గర ఎవరైనా తీసేయడం నేనెన్నడూ చూడలేదు. అది తెలిసే అన్నాను.

"నువ్వున్నవ్ గదా, నాకేం ఫికర్ లేదు" అని నా నెత్తి మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయాడు. ఆయన్ను చూడడం అదే ఆఖరు.

ఆ ఐదేళ్లు నిరుడు నిండాయి. నేను మరిచిపోయి ఉంటే కొంత నయం. గుర్తుండి కూడా, నవ్వుతారేమోనని నోరు మూసుకున్నాను. పరాయి ఊరివాళ్లు నవ్వుతున్నా కత్తెర దించని మనిషి పెంచిన పిల్లను! ఆ సందేశం వచ్చాక, మర్నాడు మేనేజరు గదిలోకి వెళ్లి, తాత వేలిముద్ర, ఫోటో తీసేయించమని అడిగాను.

"ముసలాయనే లేడు గదమ్మా, ఇగ ఎవరడుగుతరు?" అన్నాడాయన నవ్వుతూ.

"ఆయన అడిగిండు సార్. నన్నే అడిగిండు."

మేనేజరు నవ్వు ఆపి, పై ఆఫీసుకు రాయమన్నాడు. రాశాను. పరిశీలిస్తున్నామని జవాబొచ్చింది. మళ్లీ రాశాను. అదే జవాబు. ఇప్పుడు ఖాతా మూసేవాళ్లెవరైనా తమ వివరాలు ఏమవుతాయని అడిగితే, వరుస ఎంత పొడుగున్నా, తెలిసినంతా దాచకుండా చెబుతున్నాను. తాతకు మాత్రం ఇక చెప్పుకోలేను.

ఇలాంటి సందేశాలు వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి అని కింద ఉంటుంది. నొక్కితే నా ఫోనుకు రావడం ఆగిపోతుంది. తాత వేలిముద్ర, కొత్త తలపాగాలో బెరుగ్గా చూస్తున్న ఆ ఫోటో మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. పోయేది నా సిగ్గొక్కటే. అందుకే నొక్కలేదు. ఆయన గుర్తు తీసేసేదాకా, ప్రతి జనవరి ఒకటిన ఆ శుభాకాంక్షలు నాకే రావాలి.