గ్రానైట్ కింద మా పునాది రాయి

సికింద్రాబాద్‌లో మా చర్చి అమ్మకం ఆపించింది నేనే. పాత కట్టడాలంటే నాకెంత ప్రేమో అని ఇప్పుడు అందరూ మెచ్చుకుంటున్నారు. ప్రేమా లేదు, గీమా లేదు. నేను అర్జీ పెట్టింది ఒక్క మనిషి మీద కసితో.

ఆ మనిషి మా చర్చి కమిటీ సెక్రటరీ. పాతికేళ్లుగా ఆ కుర్చీ వదలలేదు. నేను హిందువుల అబ్బాయిని రిజిస్టర్ ఆఫీసులో పెళ్లి చేసుకుంటే, సాక్షి సంతకం పెట్టిందని మా అమ్మ సభ్యత్వం ఆపేశాడు. కమిటీ ముందు తప్పు ఒప్పుకోమన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్లు అదే చర్చిలో సండే స్కూల్ చెప్పిన మనిషి ఆమె. చనిపోయినప్పుడు శవపెట్టెను చర్చి లోపలికి తేనివ్వలేదు. "రూల్ రూలే బిడ్డా, నా చేతుల ఏం లేదు," అన్నాడు. మే నెల మధ్యాహ్నం. గేటు పక్కన రెండు బెంచీలు కలిపి, వాటి మీద అమ్మను ఉంచి ప్రార్థన చేశాం. పెట్టె మీద చెయ్యి వేస్తే కాలింది. నీ సంగతి చూస్తానని ఆ రోజే అనుకున్నాను.

చూడడానికి పదకొండేళ్లు పట్టింది. నా సభ్యత్వం కూడా పోయింది కాబట్టి కమిటీలో నాకు ఓటు లేదు. అయినా ఆదివారం ఆదివారం వెళ్లి వెనక బెంచీలో కూర్చోవడం మానలేదు. ఆయన కళ్లముందు ఉండాలనే వెళ్లేదాన్ని.

కిందటేడు కమిటీ ఒక ప్రకటన చేసింది. చర్చిని, చుట్టూ ఉన్న స్థలాన్ని బేగంపేట బిల్డరుకు అమ్మేసి, కాప్రా వైపు ఏసీ హాలూ పెద్ద పార్కింగూ ఉన్న కొత్త చర్చి కడతారట. కుర్రకారు చప్పట్లు కొట్టారు. వాళ్లనేమీ అనను, పాపం బండి పెట్టుకునే చోటు లేక మెయిన్ రోడ్డు నుంచి నడిచి వస్తారు. నాకు మాత్రం కడుపు మండిపోయింది. అమ్మకం పూర్తయితే ఆయన శాలువా కప్పించుకుని దర్జాగా దిగిపోతాడు. పదిమందిని కూడగట్టి, దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించమని ప్రభుత్వానికి అర్జీ ఇచ్చాను. విచారణకు ఒక ఆఫీసరు ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చాడు. బిల్డరు తరఫున కూడా ఒక మనిషి వచ్చాడు.

ఇక్కడ మా వాళ్ల జబ్బొకటి చెప్పాలి. బోరు వేసినా, గేటు మార్చినా, గోడలకు రంగు కొట్టినా, ఆ ఏటి కమిటీ తన పేర్లతో ఒక గ్రానైట్ పలక పెట్టుకోవాల్సిందే. చర్చి ముందు గోడ నిండా అవే. సెక్రటరీది అన్నిటికన్నా పెద్దది, బంగారు రంగు అక్షరాలు. ఇరవై ఏళ్ల కింద దాన్ని తెచ్చి సరిగ్గా పునాది రాయి మీదే అతికించారు. ఆ రాయి మీద తెలుగులో చెక్కిన అక్షరాలనే అమ్మ సండే స్కూల్ పిల్లలమైన మా అందరి చేతా వేలితో దిద్దించేది. చర్చి కట్టిన సంవత్సరం కూడా అక్కడే ఉండేది. పెద్దవాళ్లు పోయారు. నాతో దిద్దినవాళ్లలో సగంమంది ఊళ్లో లేరు, మిగతావాళ్లకు గుర్తు లేదు. నేను మాత్రం ఆ మాట నెల రోజులు నోట్లోంచి రానివ్వలేదు. అర్జీలో సంతకాలు పెట్టినవాళ్లకు కూడా చెప్పలేదు.

ఆఫీసరు బల్ల ముందు కూర్చుని, చర్చి ఎప్పటిదో ఆధారం ఉందా అని అడిగాడు.

"కాయితాలన్నీ చెదలు తిన్నయి సార్," అన్నాడు సెక్రటరీ. "మామూలు పెంకుల షెడ్డు ఇది. ఊకెనే పరేషాన్ చేస్తున్నరు."

"చెక్కిన రాయి గిట్ల ఏమన్న ఉందా?"

"ఏం లేదు సార్. చిన్నప్పట్నించి నేను ఈడనే ఉన్న."

మరచిపోయాడో, మరచినట్టు నటించాడో నాకిప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. లేచి, ఎంతో మెత్తగా అన్నాను: "అంకుల్, అదే మాట జెర కాయితం మీద రాసియ్యండి. మాకు సుత నమ్మకం కుదురుతది."

ఆయన నవ్వుకుంటూ రాసి, సంతకం పెట్టి, కింద సెక్రటరీ ముద్ర కూడా కొట్టాడు. ఆ కాగితం ఆఫీసరు ఫైల్లోకి చేరేదాకా ఆగాను.

"సార్, ఆ పెద్ద గ్రానైట్ తీపించండి," అన్నాను.

సెక్రటరీ గబుక్కున లేచాడు. అది కమిటీ ఆస్తి, ముట్టుకుంటే కేసు పెడతానన్నాడు. ఆఫీసరు ఫైలు తెరిచి కాగితం మరోసారి చూశాడు. "కింద ఏం లేదని మీరే రాసిన్రు గదా. తీస్తే తక్లీఫ్ ఏంది?" అన్నాడు. బోయిన్‌పల్లి నుంచి ఒక మేస్త్రిని నేను పొద్దున్నే పిలిపించి గేటు దగ్గర కూర్చోబెట్టి ఉంచాను.

మేస్త్రి ఉలి పెట్టి నాలుగు దెబ్బలు వేశాడు. సెక్రటరీ పేరు నిలువునా చీలింది. ఆ చప్పుడు నా చెవులకెంత హాయిగా ఉందో చెబితే నన్ను పాపిష్టిది అంటారు. అననివ్వండి. ముక్కలన్నీ పడ్డాక, సిమెంటు మరకల మధ్య పాత రాయి బయటపడింది. తడిగుడ్డతో తుడిస్తే అక్షరాలు, సంవత్సరం అన్నీ కనిపించాయి. ఆఫీసరు ఫొటోలు తీసుకుని, విచారణ తేలేదాకా అమ్మడానికి వీల్లేదని అక్కడికక్కడే రాసిచ్చాడు. బిల్డరు మనిషి ఫోను చెవిన పెట్టుకుని ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

జనం వెళ్లాక సెక్రటరీ నా దగ్గరికి వచ్చాడు. వయసు మీద పడింది.

"మీ అమ్మ ఎంత మంచిది. నువ్వేంది బిడ్డా గిట్ల తయారైనవ్?"

"మంచిదే అంకుల్. ఆ మంచిదాన్నే మీరు ఎండల పెట్టిన్రు."

ఆయన తల దించుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం ముందు వరుసలోని తన చోటు వదిలేసి, వెనక్కి వచ్చి నా బెంచీ చివర కూర్చున్నాడు. ఎందుకొచ్చాడో నాకు అర్థమైంది. ప్రభువు ప్రార్థన మొదలైంది. మాకు తప్పు చేసినవాళ్లను మేం క్షమించామని చెప్పే చోట సంఘమంతా ఒక్క గొంతుతో పలికింది. నేను నోరు మెదపలేదు. ఆయన తల తిప్పి నన్ను చూశాడు. ఆ వాక్యం పూర్తిగా అయిపోనిచ్చి, తర్వాతి మాట దగ్గర అందరితో గొంతు కలిపాను.