మంచులో చచ్చిపోయే పాట

కలకత్తాలో ఒక చలికాలం, సాల్ట్ లేక్ వెళ్ళే బస్సులో నా పక్కన ఒక తెలుగు తల్లీ కొడుకూ కూర్చున్నారు. కుర్రాడు ముఖానికి తెల్లరంగు, కళ్ళ చుట్టూ మసి పూసుకున్నాడు. చొక్కా మీద ముళ్ళకంపలాంటి రాత. యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, చదవలేకపోవడం నా తప్పే అనుకున్నాను.

"ఇదేటి భాష, బాబూ?"

"ఇంగ్లీషే మామ్మా. దెయ్యం ఏషాలేసుకుని అరుస్తా పాడే అమెరికా బ్లాక్ మెటల్ బ్యాండు పేరు. ఎవులికీ చదవడం రాదు. ఇయ్యాల ఆళ్ళ పాట నేనే పాడతన్నాను," అంటూ ఇయర్‌ఫోను నా చెవిలో పెట్టాడు.

వెనక గూడ్సుబండి పరుగులా డ్రమ్ములు, ముందు పిండిమరలో వేలు నలిగినవాడి కేకలు.

"ఏటయింది ఈడికి?"

"మంచు అడివిలో ఒంటరిగా గడ్డకట్టి చచ్చిపోతన్నాడు."

వాళ్ళమ్మ వెంటనే సంచిలోంచి మంకీ క్యాపు తీసింది. "ఠండా తగిల్తే గొంతు అలాగే పోద్ది. పెట్టుకో."

"అమ్మా, నేను దెయ్యాన్ని! ఫ్రెండ్స్ ముందు పరువు పోద్ది. మామ్మా, నువ్వయినా చెప్పు!"

"దెయ్యాలకి చలెయ్యదు, ఒగ్గీ తల్లీ," అన్నాను.

"మీది ఈ ఊరు కాదు కదా, ఇక్కడోళ్ళకి చలంటే ఎంత బయమో మీకు తెలీదు," అని ఆమె క్యాపు వాడి తలకు దిగలాగింది.

స్టాపులో వాడు తల దించుకుని దిగాడు. అక్కడ గిటార్లు పట్టుకుని మరో మూడు తెల్లముఖం దెయ్యాలు ఎదురుచూస్తున్నాయి. మూడింటికీ మంకీ క్యాపులే.