ఏ గడినైనా చూపించండి

ట్యునీషియాలో, స్ఫాక్స్ ఊళ్లోని మా ఇంజనీరింగ్ కాలేజీలో మెదడులా నేర్చుకునే చిప్పులు తయారుచేస్తాం. చిప్పు మీద వందల గడులుంటాయి. కరెంటుతో నేర్పినదాన్ని ప్రతి గడీ కరెంటు తీసేశాక కూడా గుర్తుంచుకోవాలి. చాలావాటికి ఆ గుణం అబ్బదు. అందుకని ఈ వృత్తిలో ఒక అలవాటుంది: బాగా పనిచేసిన ఒక్క గడిని ఏరి, దాన్నే పదిమందికీ చూపించడం. అందులో సిగ్గుపడాల్సింది ఉందని ఎవరికీ తోచలేదు.

అలాంటి చోటికి పరిశోధన చేస్తానంటూ అరీజ్ త్రీగీ వచ్చి పడింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఈ పిల్ల చచ్చిన గడులనే పట్టుకుని కూర్చునేది. గడులకు ప్రాణమైన పూత చిప్పు అంతటా సమంగా పరుచుకోవాలని, చిప్పును గిర్రున తిప్పే పళ్లెం వేగం మార్చి మార్చి చూసేది.

పరీక్షకుడు ఫెర్జానీ వస్తున్నాడన్నారు. పోయినసారి మేం చూపిన ఫలితం మరెవరి చేతిలోనూ రాలేదని ఆయన మా మీద మండిపడుతున్నాడు. ఈసారి నమ్మకం కుదరకపోతే అరీజ్ పరిశోధన అంతటితో ఆఖరు. మంచి గడిని ముందే ఎంచి పెట్టుకోమని మా ల్యాబు పెద్ద షాబూనీ సార్ ఆమెకు మరీ మరీ చెప్పారు. సరేనంది. ఆ పిల్ల సరేనంటేనే నాకు భయం.

ఫెర్జానీ వచ్చి కూర్చోగానే అరీజ్ చిప్పును గడులకు కరెంటిచ్చే సూది కింద పెట్టింది.

"ఏ గడి చూడాలో మీరే చూపించండి సార్."

షాబూనీ సార్ ముఖం పాలిపోయింది.

"నేనెందుకు?" అన్నాడు ఫెర్జానీ.

"బజార్లో గుట్ట పైన పేర్చిన చేపని మన ఊళ్లో ఎవరైనా కొంటారా సార్? అడుగు నుంచి మీరే తియ్యండి."

ఆయన తెరమీద ఒక మూల గడిని చూపించాడు. పూత పలచబడి ముందుగా చచ్చేవి మూలవే. అరీజ్ సూది దించింది, నేర్పింది, కరెంటు తీసేసింది. కాఫీలు తాగాం. మళ్లీ కరెంటిస్తే, ఆ గడి నేర్చింది నేర్చినట్టు అప్పజెప్పింది.

ఆయన ఇంకోటి చూపించాడు. అదీ అప్పజెప్పింది. కోటు విప్పి, కుర్చీ ముందుకు లాక్కుని వరసగా అడుగుతూ పోయాడు. ల్యాబు కాబట్టి ఊరుకున్నాను గాని, మా పెళ్లిళ్లలో ఆడవాళ్లు సంతోషంతో పెట్టే కేక గొంతెత్తి పెట్టాలనిపించింది నాకు.

"చచ్చినవే లేవా?" అన్నాడు చివరికి.

అరీజ్ తనే సూదిని ఒక గడి మీదికి జరిపింది. "ఇది నేర్చుకోదు సార్. ఎందుకో నాకింకా తెలీదు."

షాబూనీ సార్ కళ్లు మూసుకున్నారు.

"తెలుసుకోడానికి ఎన్నాళ్లు కావాలి?"

"ఒక ఏడాది."

"రెండేళ్లు తీసుకో తల్లీ," అన్నాడు ఫెర్జానీ.