వణికే చేతికి ప్రభువు చూపిన పని

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నేను కుప్పంలో ఐటీఐ పిల్లలకు వెల్డింగు నేర్పే రెడ్డెప్పను. తొంభైల్లో ఇంటర్ పరీక్షల ముందు నాకు విషజ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి వణకడం మొదలైంది, పెన్ను పట్టుకుంటే అక్షరం నిలిచేది కాదు, పరీక్ష తప్పాను. చౌడేపల్లె దగ్గర భూములున్న కుటుంబం మాది, నన్ను ఇంజనీరుగా చూడాలని మా నాయన ఆశ. ఆయన నాతో మాటలు మానేశాడు, నేను గది దాటడం మానేశాను, ఎందుకు బతకాలో తెలియక చావు గురించి కూడా ఆలోచించాను.

మా వంశంలో మొదట ప్రభువును ఎరిగింది మదనపల్లెలో ఉండే మా మేనత్త కాంతమ్మ. ఆమె వచ్చి, నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకొని ప్రార్థించింది.

"తండ్రీ, ఈ చెయ్యి నువ్వు చేసిందే. దీనికి పని యాడుండాదో నువ్వే సూపించు నాయనా."

బాగుచేయమని అడగలేదు, పని చూపించమని అడిగింది!

తర్వాత ఆమే నన్ను మదనపల్లె ఐటీఐలో చేర్చింది. పుంగనూరు బస్టాండులో బస్సు ఎక్కిస్తూ మా నాయన, "ఎవురన్నా అడిగితే డిగ్రీ సదవతాండానని సెప్పు" అన్నాడు. ఆ మాట దారి పొడవునా నా గుండెలో గుచ్చుకుంటూనే ఉంది.

వర్క్‌షాపులో నా చెయ్యి వణికి, వెల్డింగు రాడ్డు ఇనుముకు అంటుకుపోయేది, తోటివాళ్లు నవ్వేవాళ్లు. ఇక మానేద్దామనుకున్న వారం, అత్త వెళ్లే సంఘంలో పాస్టరుగారు ఇలా బోధించారు: "బైబిల్లో దేవుడు తన ఆత్మతో నింపినానని పేరుపెట్టి సెప్పింది రాజును కాదప్పా, ఆయన్ను ఆరాధించే గుడారానికి బంగారు పని, ఇత్తడి పని, కట్టెపని చేసినోణ్ణి." మానేద్దామన్న ఆలోచన అక్కడే వదిలేశాను.

మరుసటి ఉదయం, "ప్రభువా, ఆ ఆత్మలో నాకూ కొంచెం ఇయ్యి" అని వేడుకొని రాడ్డును ఇనుముకు తాకించాను. ముఖానికి అడ్డుపెట్టుకున్న నల్లద్దం చీకటిలో కరిగిన ఇనుము చిన్న సూర్యుడిలా నా ముందు నడిచింది, దాని వెంట నా చెయ్యి నడిచింది. అతుకు మీద పేరుకున్న నల్లటి పెంకును సుత్తితో రాలగొడితే కింద తిన్నని గీత మెరుస్తోంది! మా సారు దాన్ని తిప్పి చూసి, "రెడ్డెప్పా, నీ చెయ్యి సూసుకో" అన్నాడు. వణకడం లేదు. నేను ఆ నేల మీదే మోకరించాను. సహోదరులారా, నేటికీ సంతకం పెడితే నా చెయ్యి కాస్త వంకర పోతుంది, రాడ్డు పట్టుకుంటే మాత్రం చెదరదు. ఆయన మార్గాలు ఎవరికి అర్థమవుతాయి?

బెంగళూరులో కొన్నేళ్లు పనిచేసి, రెండువేల సంవత్సరం దాటాక కుప్పంలో మాస్టరుగా చేరాను. ఒకరోజు మా నాయన పక్కింటి అమ్మాయిని వెంటబెట్టుకొని వర్క్‌షాపు గుమ్మంలో నిలబడ్డాడు. ఏమైందోనని పరుగెత్తాను.

"ఈ పాప బాగా సదవతాదప్పా. అందుకే ఈడికి పిలుచుకోనొచ్చినా" అన్నాడు.

నా చదువు గురించి అబద్ధం చెప్పమన్న మనిషే, బాగా చదివే బిడ్డను వెల్డింగు నేర్పమని తెచ్చాడు! చేతిని బాగుచేసిన దేవుడే ఆ పెద్దాయన మనసునూ మార్చాడు, రెండోదే పెద్ద అద్భుతమని నాకనిపిస్తుంది. తల్లులారా, తండ్రులారా, పరీక్ష తప్పిన బిడ్డ మీ ఇంట్లో ఉంటే సిగ్గుపడి దాచకండి, వాడి చేతులు పట్టుకొని ప్రార్థించండి, ఆ చేతుల్ని చేసినవానికి వాటి పని తెలుసు. ఆయనను నమ్మండి. స్తోత్రమంతా ఆయనదే, ఆమేన్.