లక్కముద్ర పడిన చొక్కా

సర్కారు టెండరు పిలిచి సరుకు కొంటేనే ఊరికీ ఊరికీ సంబంధం పెరుగుతుందని, ఒక ఊరి సొమ్ము ఇంకో ఊరి పొయ్యి వెలిగిస్తుందని ఈమధ్య ఒక సభలో ఎవరో పెద్దమనిషి చెబుతుంటే విన్నాను. నాకు ఒళ్లు మండింది. పొయ్యి ఎవరిది వెలిగిందో, ఎవరిది ఆరిందో డెబ్బయ్యో దశకంలో నేను హైదరాబాదు పాతబస్తీలో, మా ఛత్రినాకలో కళ్లారా చూశాను.

మా బాపు దర్జీ. ఇంటి ముందుగదే దుకాణం. ఒక మిషను మీద ఆయన, ఇంకోదాని మీద కూలికి కుట్టే ఒక కారీగర్. అమ్మా నేనూ లోపల కూర్చుని చొక్కాలకు కాజాలు కుట్టేవాళ్లం. నేను ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్నదాన్ని. సూది పట్టి నా వేళ్లు మొద్దుబారాయి గానీ నోరు మాత్రం మొద్దుబారలేదని అమ్మ దెప్పేది. బాపుకు ఒకటే గర్వం, ఎవరి కిందా పని చేయలేదని. ఆ గర్వాన్ని నిలబెట్టింది రంజాన్ పని. పండుగ ముందు శాలిబండ నుంచి పాత గిరాకీలు గుడ్డలు మూటలు కట్టుకుని వచ్చేవారు. ఆ ఒక్క నెల సంపాదనతోనే మిగతా నెలలు బియ్యం వచ్చేవి.

ఆ ఏడు పండుగకు ముందు, బహదూర్‌పురా వైపున్న ఒక సర్కారు ఆఫీసు వాచ్‌మన్లకూ బంట్రోతులకూ ఖాకీ చొక్కాల కోసం టెండరు పిలిచింది. ధర రాసి కవరులో పెట్టాలి, దాంతోపాటు ఒక నమూనా చొక్కా ఇవ్వాలి. కొలతలు ఏవని బాపు అడిగితే అక్కడి గుమాస్తా, కోస్తా నుంచి వచ్చిన మర్యాదస్తుడు, "మీడియం సైజు ఒకటి కుట్టి తెచ్చేయండి, సరిపోతుంది" అన్నాడట.

బాపు ఇంటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాడు. "మీడియం అంటే ఎవడే? ఎవని ఒంటికో తెల్వకుంట చొక్కా ఎట్ల కోస్తరు?"

ఆయన మనిషిని ఎదురుగా నిలబెట్టి టేపు వేయడమే తప్ప ఇంకోలా నేర్వలేదు. చివరికి "లావు గాదు, సన్నం గాదు, నేనే మీడియం" అని తేల్చాడు. అద్దం ముందు నిలబడి నాతో తన కొలతలు తీయించుకుని కోసి కుట్టాడు. తొడుక్కుంటే అచ్చు గుద్దినట్టు అమిరింది. దానికి కాజాలు నన్ను ముట్టనీయకుండా అమ్మే కుట్టింది.

నమూనా ఆఫీసుకు నచ్చింది. గుమాస్తా కాలరుకు దారంతో చీటీ కట్టి, దాని మీద లక్క కరిగించి ముద్ర వేశాడు. "మీ శాంపిల్ అప్రూవ్ అయిందండీ" అన్నాడు. అంతవరకే అన్నాడు. కానీ మా వాడలో లక్కముద్ర అంటే రిజిస్ట్రీ కాగితం, కోర్టు తాళం. అది పడ్డాక మాట మారుతుందని ఎవరూ అనుకోరు. బాపు దారిలో మిఠాయి కొని వాడంతా పంచాడు.

మరునాడే ఇరవై ఏళ్ల నాటి గిరాకీ, ఒక పెద్దాయన, మనవళ్లందరి గుడ్డలూ మూటగట్టి తెచ్చాడు.

"ఇస్ బార్ నై హోతా, బడే భాయ్. సర్కారీ కామ్ హై" అని, సర్కారు పని ఉంది కాబట్టి ఈసారికి కుదరదని బాపు చేతులు జోడించాడు.

"అచ్ఛా మాస్టర్, ముబారక్" అని ఆయన నవ్వి, మూట మళ్లీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆయన వెనకే మిగతావాళ్లూ వేరే దుకాణాలు చూసుకున్నారు.

"చేతిల పని ఇడిసిపెట్టకయ్యా. ఆర్డరు రానియ్యి, అప్పుడు చూద్దం" అని అమ్మ మొత్తుకుంది.

"సీలు పడ్డదే! నీకేం ఫికర్?" అన్నాడు బాపు.

రంజాన్ వచ్చింది, వెళ్లింది. ఆర్డరు రాలేదు. బాపు ఆఫీసుకు వెళితే గుమాస్తా కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "అప్రూవ్ అయింది శాంపిలేనండీ, ఆర్డరు కాదు. కాన్పూరు వాళ్లు తక్కువకి రాశారు. మీ చొక్కా బాగుందని దాన్నే వాళ్లకి పంపాం, అచ్చం అలాగే కుట్టమని" అని చెప్పి టీ తెప్పించాడట. ఆ టీ తాగివచ్చినందుకు బాపు మీద నాకిప్పటికీ కోపమే. గుడ్డ కాన్పూరుది, కుట్టుకూలి కాన్పూరుది, సొమ్ము హైదరాబాదుది, కొలత మాత్రం మా బాపుది!

కొన్నాళ్లకు గూడ్సు బండిలో చొక్కాలు దిగాయి. మా గల్లీలో ఉండే వాచ్‌మన్ ఒకటి పట్టుకుని వచ్చాడు. "ఏంది మాస్టర్ గిది? కుడి బుజం పట్టేస్తున్నది. సాబ్‌కు సలాం కొడదామంటే చెయ్యే లేస్తలేదు. అందరివీ గట్లనే ఉన్నయ్."

బాపు దాన్ని తిప్పి తిప్పి చూసి, తానే తొడుక్కున్నాడు. ఎక్కడా పట్టలేదు. ఏళ్ల తరబడి మిషను మీద ఒరిగి ఒరిగి ఆయన కుడి భుజం కిందికి దిగిపోయింది. మేమెవరమూ గమనించలేదు, ఆయనా గమనించలేదు. కాన్పూరు వాళ్లు నమూనాను అక్షరాలా పాటించి, ఆ దిగిన భుజాన్ని ఆఫీసు మొత్తానికీ తొడిగారు. నాకు నవ్వు పొంగింది. బాపు మొహం చూసి లోపలికి వెళ్లిపోయాను.

ఆఫీసు కాన్పూరుకు రాసింది. మీరు ముద్ర వేసిన చొక్కాలాగే కుట్టామని వాళ్లు జవాబిచ్చారు. అందులో అబద్ధం లేదు. దాంతో తప్పు మా బాపుదని తేలింది. వంకర నమూనా ఇచ్చినవాడని, ఇక టెండరు వేయడానికి వీల్లేదని పేరు కొట్టేశారు. సరిచేసే పని మళ్లీ కాన్పూరు వాళ్లకే, వేరే ధరకు ఇచ్చారు. వాళ్లు అక్కడి నుంచి మనుషులను పంపుతారా? ఇక్కడే తక్కువ కూలికి కుట్టే సస్తా దర్జీ ఎవడైనా ఉన్నాడా అని వెతికారు.

అప్పటికి మా కారీగర్ వెళ్లిపోయాడు. పోయిన గిరాకీల్లో ఒక్కరూ తిరిగి రాలేదు. ఆ కూలికి బాపే కుదిరాడు. రోజూ అన్నం గిన్నె కట్టించుకుని ఆఫీసు గోదాముకు వెళ్లి, ఖాకీ గుట్ట ముందు కూర్చుని భుజాల కుట్లు విప్పేవాడు. ఇంట్లో రెండు మిషన్ల మీదా అమ్మ పాత దుప్పట్లు కప్పింది.

గోదాము మా ఇంటికి నడిచిపోయేంత దూరం. కూలి మాత్రం కాన్పూరు నుంచి మనీయార్డరుగా వచ్చేది. మొదటిసారి పోస్ట్‌మన్ ఫారం తిప్పి చూసి, "కాన్పూర్ల ఎవరున్నరు మాస్టర్, చుట్టాలా?" అని అడిగాడు.

"మా సేటున్నడు" అన్నాడు బాపు, తలెత్తకుండా సంతకం పెడుతూ.