కోతిజ్వరం, మాడిన నెత్తళ్ళు

సహోదరులారా, సహోదరీలారా, కట్టుకున్న మనిషి నా ముఖంలోకి చూస్తూ నేనెవరో గుర్తుపట్టని రోజులు నాకు వచ్చాయి. ఆ చీకట్లోంచి దేవుడు మమ్మల్ని ఎలా బయటికి తెచ్చాడో ఈ పూట చెప్పుకోనివ్వండి!

మాది ముత్తుకూరు పక్కన సముద్రపు ఒడ్డని మీకు తెలుసు. ఒక ఏడు వానల్లేక పనులు దొరక్క, నేనూ మా ఆయన యేసురత్నమూ మైసూరు రాష్ట్రంలో శివమొగ్గ అడవుల దగ్గరికి రోడ్డు పనికి వెళ్ళాం. సరుగుడు తోటల్లో రాలిన ఆకు ఊడ్చి పొయ్యిలోకి గంపకెత్తుకోవడం మన ఆడవాళ్ళకు అలవాటు కదా! అక్కడ అడవిలో ఎండుటాకు గుట్టలుగా పడి ఉంటే నా ప్రాణం లేచొచ్చింది. రోజూ ఊడ్చాను, గంప నెత్తిన పెట్టుకుని తెచ్చాను, పొయ్యిలోకి పోగా మిగిలింది గుడిసెలో పరిచి పైన చాప వేసి, ఇంత మెత్తని పడక కలెక్టరుకు కూడా ఉండదని మా ఆయన దగ్గర గొప్పలు పోయాను. ఒకనాడు ఊడుస్తుంటే చచ్చిన కోతి కనబడింది. పాపం, చెట్టు మీంచి పడ్డట్టుందనుకుని పక్కకు జరిగి ఊడ్చుకున్నాను. ఆ అడవుల్లో అప్పటికే కోతిజ్వరం ఊరి నుంచి ఊరికి పాకుతోందనీ, మన గొడ్ల చెవుల్లో పట్టి రక్తం తాగే పిడుదుల్లాంటివే కోతుల్నీ కుట్టి, ఆకులో దాక్కుని మనుషుల్నీ కుట్టి ఆ జ్వరం తెస్తాయనీ నాకేం తెలుసు!

కొన్నాళ్ళకే మా ఆయనకు ఒళ్ళు కాలిపోయే జ్వరం, తల పగిలిపోయే నొప్పి, చిగుళ్ళ నుంచి రక్తం! తోటి కూలీలు మా గుడిసె దరికి రావడం మానేశారు. మన వైపు మేస్త్రీయే దూరంగా నిలబడి, "మీ ఊరికి పొండమ్మా, మాకు గూడా అంటుకుంటాది" అన్నాడు. దేవుడే పంపినట్టు, జ్వరం సంగతి కనుక్కోవడానికి గవర్నమెంటు డాక్టరు గారు వచ్చారు. వచ్చీ రాని తెలుగులో, "ఇది మనిషి నుంచి మనిషికి రాదమ్మా, నువ్వు దగ్గరుండి చూసుకో. దీన్ని తగ్గించే మందు లేదు, నీళ్ళూ గంజీ తాపించు. తగ్గినాక మళ్ళీ రావచ్చు, జాగ్రత్త" అని, నా మెత్తని పడక చూసి తల పట్టుకున్నారు! ఆకంతా తీయించి తగలబెట్టించారు, నేను కోతిని చూసిన చోట చుట్టూ మందుపొడి చల్లించారు, చచ్చిన కోతి కనబడితే ముట్టుకోకుండా వచ్చి చెప్పాలని, అడవిలోకి వెళ్తే కాళ్ళకూ చేతులకూ మందునూనె రాసుకోవాలని అందరికీ నేర్పించారు. డాక్టర్లను కూడా వాడుకునే దేవునికే మహిమ!

జ్వరం తగ్గింది, ఆయన లేచి కూర్చుని గంజి తాగాడు, నేను ఊపిరి పీల్చుకున్నాను. అంతలో డాక్టరు గారు అన్నట్టే రెండోసారి వచ్చింది. ఈసారి చేతులు వణికాయి, మాట పడిపోయింది, నన్ను చూస్తాడు గాని ఎవరో తెలియదు. వీధి చివరికి వినబడేలా అరిచే మనిషి, ఊ అని కూడా అనడు! మోకాళ్ళూని ఏడ్చాను: "ప్రభువా, ఊరు గాని ఊర్లో ఉండాను, నాకెవురూ లేరు. ఆయన నన్ను తిట్టినా సరే, ఒక్క మాట మాట్లాడించు నాయనా!" రోజూ అదే గంజి, అదే ప్రార్థన.

ఒక పొద్దున, ఇంటి నుంచి మూటగట్టి తెచ్చుకున్న ఎండు నెత్తళ్ళ చేపలు పెనం మీద వేసి, వేగేలోపు ప్రార్థన చేసుకుందామని కళ్ళు మూసుకున్నాను. ఆ ఏడుపులో పెనం సంగతే మరిచిపోయాను. వెనక నుంచి గొంతు వినబడింది.

"ఏందే దానమ్మా, నెత్తళ్ళు మాడిపోతుండాయి, నీ ధ్యాస యాడుండాది?"

సహోదరులారా, దానమ్మా అని నా పేరు పెట్టి పిలిచాడు! తిట్టాడు! నేను అడిగింది అడిగినట్టే, తిట్టుతో సహా దేవుడు ఇచ్చాడు! పెనం దించకుండానే హల్లెలూయ అని గంతులేశాను, మిగిలినవీ బొగ్గయిపోయాయి, దానికి ఇంకో తిట్టు! ఆ మాడినవే గంజిలో నంజుకుని ఇద్దరం తిన్నాం. అంత రుచైన కూడు మళ్ళీ తినలేదు నేను.

మెల్లగా కోలుకుని ఊరు చేరాం. అమ్మలారా, కొత్త చోటికి పోతే అక్కడి సంగతి తెలుసుకోకుండా ఆకు ఊడ్చకండి, డాక్టరు చెప్పింది వినండి, మీ ఇంట్లో ఎవరైనా మంచం పట్టి ఉంటే ఈ దేవుణ్ణి నమ్మి, మనసులో ఉన్నది ఉన్నట్టు అడగండి, ఆయన వింటాడు! మా ఆయన అదిగో, మగవాళ్ళ వరసలో కూర్చుని, "ఇంక చాల్లేవే, అందురికీ ఆకలవతుండాది" అంటున్నాడు. విన్నారా? స్తోత్రం ప్రభువా, ఇంకా తిడుతూనే ఉన్నాడు!